విండోస్ పరిణామం: విమర్శనాత్మక పరిశీలన

విండోస్ చరిత్రను సాధారణంగా వెర్షన్ల వరుసగా చెబుతారు. పాతది పోయి మెరుగైనది వచ్చిందనే అభిప్రాయం దీనివల్ల కలుగుతుంది. నిజానికి విండోస్‌లో పాతది అంత సులభంగా పోలేదు. దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. ఈ విషయాన్ని వివరంగా పరిశీలిద్దాం.

1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ సంస్థలో టిమ్ పాటర్సన్ 86-డాస్‌ను రూపొందించాడు. గ్యారీ కిల్డాల్ తయారుచేసిన సీపీ/ఎం పద్ధతులను అది చాలావరకు అనుసరించింది. 1981లో మైక్రోసాఫ్ట్ దాని హక్కులు కొని ఐబీఎం పీసీకి అందించింది. అదే ఎంఎస్-డాస్. ఇతర తయారీదారులకు దాన్ని అమ్ముకునే హక్కును మాత్రం మైక్రోసాఫ్ట్ వదులుకోలేదు. కాబట్టి తొలి విజయానికి సాంకేతికత కన్నా ఈ ఒప్పందమే ముఖ్య కారణమని చెప్పవచ్చు.

తెరపై విండోలు, మౌస్ అనే ఆలోచన కూడా మైక్రోసాఫ్ట్ సొంతం కాదు. 1973 నాటి జిరాక్స్ ఆల్టోలోనూ, 1984 నాటి యాపిల్ మెకింటాష్‌లోనూ ఇవి ఉన్నాయి. 1985లో వచ్చిన విండోస్ 1.0 డాస్ మీద నడిచే పొర మాత్రమే. అందులో విండోలను ఒకదానిపై ఒకటి పరచే వీలు లేదు. 1990లో విండోస్ 3.0 వచ్చాకే విస్తృత ఆదరణ లభించింది. విండోస్ 95 స్టార్ట్ మెనూను, పొడవైన ఫైలు పేర్లను తెచ్చింది. అయినా పాత డాస్ ప్రోగ్రాములను నడపడం కోసం డాస్ పునాదిని పూర్తిగా విడిచిపెట్టలేదు. అందువల్ల ఒక ప్రోగ్రాములోని లోపం కొన్నిసార్లు సిస్టమ్ మొత్తాన్ని నిలిపివేసేది.

దీనికి పరిష్కారం అప్పటికే ఉంది. డేవిడ్ కట్లర్ నాయకత్వంలో కొత్త పునాదిపై నిర్మించిన విండోస్ ఎన్‌టీ 1993లోనే వెలువడింది. కానీ దానికి ఎక్కువ మెమరీ కావాలి, పాత ప్రోగ్రాములు కొన్ని అందులో నడవవు. ఆ పునాది 2001లో ఎక్స్‌పీ ద్వారా గానీ ఇళ్లలోని సాధారణ వినియోగదారులకు చేరలేదు.

ఈ ఆలస్యం తెలుగువారికీ సంబంధించినదే. ఎన్‌టీ మొదటినుంచీ యూనికోడ్‌పై ఆధారపడింది. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు చేరింది. అంతకుముందు ఒక ఫాంటులో టైపు చేసిన తెలుగు మరో ఫాంటులో అర్థంకాని అక్షరాలుగా కనిపించేది.

పాత ప్రోగ్రాములను కాపాడటం తప్పా? కాదు. కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ వృథా కాకపోవడం వినియోగదారునికి నిజమైన మేలు. కానీ ఆ మేలే అతన్ని వేరే సిస్టమ్‌కు మారనీయకుండా కట్టిపడేసింది. గుత్తాధిపత్యాన్ని మైక్రోసాఫ్ట్ చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని 2001లో అమెరికా అప్పీలు కోర్టు కూడా సమర్థించింది. అందువల్ల విండోస్‌ను అంచనా వేసేటప్పుడు కొత్తగా ఏం చేర్చారన్న దానితోపాటు, దేన్ని ఎందుకు ఉంచారన్నదీ చూడాలి.

అభ్యాసం: మీ విండోస్ కంప్యూటర్‌లో ఒక ఫోల్డరుకు సి, ఒ, ఎన్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలను పేరుగా పెట్టి చూడండి. సిస్టమ్ అంగీకరించదు. డాస్ కాలంలో కీబోర్డు, తెరల కోసం కేటాయించిన పేరు అది. దాన్ని ఇప్పటికీ ఉంచడం సబబేనా? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.