క్లచ్ పెడల్‌కు అంగుళం లూజు

మినీ ట్రాక్టర్‌లో గేరు గరగరమని పడిందంటే ఊళ్లో వినిపించే మాట ఒక్కటే: క్లచ్ ప్లేటు పోయింది. చాలాసార్లు ప్లేటుకు ఏమీ కాదు. పెడల్ నుంచి గేరుబాక్సు దాకా వెళ్లే కడ్డీ చివర పిన్ను అరిగి ఉంటుంది, అది దూరే రంధ్రం గుండ్రం పోయి కోలగా సాగి ఉంటుంది. పత్తి సాళ్లలో, బత్తాయి తోటల్లో నేలకు దగ్గరగా తిరిగే బండి కదా, బురదా దుమ్మూ ముందుగా చేరేది ఆ కీళ్లలోకే. పిన్ను, స్ప్లిట్ పిన్ను మారిస్తే పోయే జబ్బుకి బండిని రెండుగా విడదీయించుకున్నవాళ్లు ఉన్నారు.

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టుకున్న ఇళ్లలోకే ట్రాక్టర్ వచ్చింది. బండి చప్పుడు వినగానే ఎక్కడ అరిగిందో పోల్చుకునే చెవి ఆ ఇళ్లలో ముందునుంచే ఉంది. క్లచ్ విషయంలో ఆ చెవికి తోడుగా ఒక స్టీలు స్కేలు కావాలి.

పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కితే మొదట కొంత దూరం బరువు లేకుండా దిగుతుంది, తర్వాత గట్టిపడుతుంది. ఆ మొదటి దూరమే ఫ్రీ ప్లే. చాలా చిన్న ట్రాక్టర్లకు అది 20 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు అంగుళం. మీ బండికి ఎంతో మాన్యువల్లో ఉంటుంది, దాన్నే పాటించాలి. లూజు మరీ తక్కువైతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ క్లచ్ ఫింగర్లకు ఆనుకుని తిరిగి కాలిపోతుంది, ప్లేటు జారుతుంది. ఎక్కువైతే పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేటు విడిపోదు, గేరు అరుస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్లేటు అరిగేకొద్దీ ఫ్రీ ప్లే తగ్గుతుంది, పిన్నులు అరిగేకొద్దీ పెరుగుతుంది. రెండూ కలిసి అరిగితే పెడల్ దగ్గర కొలత సరిగ్గా అంగుళమే చూపించవచ్చు, లోపల మాత్రం బేరింగ్‌కు ఊపిరాడదు. అందుకే పెడల్ కొలతను ఒక్కదాన్నే నమ్మకూడదు. కడ్డీ పిన్ను ఊడదీసి, క్లచ్ హౌసింగ్ పక్కనున్న లీవర్‌ను చేత్తో ఊపి చూడాలి. అది స్వేచ్ఛగా కొంచెమైనా కదిలితే లోపల సందు ఉన్నట్టు. పెడల్ దగ్గర లూజు ఉండి ఇక్కడ లేకపోతే, ఆ లూజంతా పిన్నులదే. ఈ పరీక్షకు పట్టే సమయం తక్కువ, ఆదా అయ్యే డబ్బు చాలా ఎక్కువ.

పనికి దిగేముందు ఇంజన్ ఆపి తాళం తీసేయాలి, వెనక పనిముట్టును నేలకు దించాలి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. అరిగిన పిన్నులు మార్చి, కీళ్లకు గ్రీజు కొట్టాకే అడ్జస్ట్‌మెంట్. చెక్ నట్ వదులు చేసి కడ్డీని కొద్దికొద్దిగా తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ స్కేలు పెట్టి చూడాలి. కొలత కుదిరాక చెక్ నట్ బిగించి కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. దాని బదులు మేకు వంచి పెట్టడం మన దగ్గర మామూలైపోయింది, కానీ అది మానుకోవలసిన అలవాటు. మేకు జారి పిన్ను పడిపోతే కాలి కింద పెడల్ ఉంటుంది, దానికి క్లచ్ ఉండదు.

బ్రేకులకూ ఇదే శ్రద్ధ కావాలి. చేను చివర మలుపులో ఒకవైపు బ్రేకే తొక్కుతాం. ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగేవారి బండికి ఆ పక్క లైనింగ్ ముందు అరుగుతుంది. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్లనూ కలిపి లాక్ చేసినా, రెండింటి లూజు సమంగా లేకపోతే బండి ఒకవైపుకు లాగుతుంది. వెనక నిండు ట్రాలీ ఉంటే ఆ లాగుడుకు ట్రాక్టర్ తిరగబడవచ్చు.

వర్షాకాలమంతా షెడ్డులో నిలబెడితే క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోవచ్చు. ఎక్కువకాలం ఆపేటప్పుడు పెడల్‌ను తొక్కిన స్థితిలో చెక్కముక్కతో ఆపి ఉంచితే ఆ బెడద ఉండదు.

అమెరికాలో రైతులు తమ యంత్రాలను తామే బాగుచేసుకునే హక్కు కోసం చట్టసభల దాకా వెళ్లారు. అందుకోసం కొలరాడో రాష్ట్రం 2023లో చేసిన చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ మరమ్మతుకు కంప్యూటర్ తాళాలు అడ్డం. మన మినీ ట్రాక్టర్లలో ఎక్కువ వాటి క్లచ్‌కు ఇంకా కడ్డీ, పిన్ను, నట్టే. రెండు పానాలతో అందే ఈ వీలును వాడుకోకుండా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ నడపడం, నిర్వహణ అక్కడ నేర్పుతారు. ఇంటికొకరు వెళ్లి నేర్చుకోదగ్గ చదువు అది.

క్లచ్ ప్లేటు నిజంగానే పోతే మాత్రం మెకానిక్ షెడ్డుకే వెళ్లాలి. ఇంజన్‌నూ గేరుబాక్సునూ విడదీసేటప్పుడు ముందు ఇరుసు మీద ఇంజన్ ఒరగకుండా రెండువైపులా చెక్కముక్కలు బిగించాలి, కింద గట్టి స్టాండ్లుండాలి. జాకీ మీద భారం వదిలి చేసే పని కాదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టనివ్వకుండా తడిగుడ్డతో తుడవమనండి. ఊడదీసిన ప్లేటును అక్కడే అడిగి చూడండి. నూనెతో తడిసి ఉంటే ఆయిల్ సీలు కారుతోంది. మాడి నల్లబడి, ఫ్లైవీల్ మీద నీలిరంగు మచ్చలుంటే హాఫ్ క్లచ్ మీద నడిపినట్టు. సీలు మార్చకుండా, పెడల్ మీద కాలు తీయకుండా కొత్త ప్లేటు వేయిస్తే అదీ ఇలాగే పోతుంది.