కుచేలుని మౌనము

కుచేలోపాఖ్యానము తెలుగువారికి చిన్ననాటనే పరిచితమగు కథ. హరికథలలో విని, నాటకములలో చూచి, పాఠ్యగ్రంథములలో చదివి, ఇక నిందు తెలిసికొనవలసిన దేమియు లేదని మన మనుకొందుము. కాని యిందొక ప్రశ్న కలదు. దానికి మనము విద్యార్థులచే వ్రాయించు సమాధానము నాకు తృప్తి నొసగుట లేదు. అడుగుటకై ద్వారకకు పోయిన కుచేలుడు అడుగక యేల మరలెను? పరీక్షాపత్రములందు దీనికి వచ్చు సమాధాన మొక్కటే: "అతడు విరక్తుడు, నిష్కామభక్తుడు, కావున నడుగలేదు." ఇది పూర్తిగా తప్పని నే ననను. మూలమునందును పోతన తెనుగునందును కుచేలుడు రాగాదిరహితుడనియే వర్ణింపబడినాడు. అయినను ఆ మౌనమునకు వైరాగ్య మొక్కటియే కారణమన్నచో, పోతన ప్రత్యేకముగా కల్పించిన కొన్ని భావములు నిష్ప్రయోజనము లగును. ఆ మౌనమున సభాకంపమునకు గల పాలెంత, దానిని తొలగించుటకు బాల్యసఖుడేమి చేసెను అనునదే యీ వ్యాసమున నేను విచారింపదలచిన విషయము.

ఇచట సభ యనగా కొలువుకూటమే కానక్కరలేదు. తనకంటె నధికులగు పలువురు తన్నే చూచుచుండ నోరు విప్పవలసిన చోటెల్ల సభయే.

ఈ కథ సంస్కృత భాగవతమున దశమస్కంధమున 80, 81 అధ్యాయములందు కలదు. అందు బ్రాహ్మణునకు స్పష్టముగా నామకరణము లేదు. 'కుచైల' అను మాట చినిగిన వస్త్రము కలవాడను విశేషణముగా వచ్చును. పోతన దానినే పేరుగా నిలిపెను. ఉత్తరదేశమున నీతడే సుదాముడు. వానికి ఇరువదియేడుగురు బిడ్డలని మనలో నొక లెక్క ప్రచారమున నున్నది గాని, దానికి భాగవతమున నాధారము లేదు. అయితే బిడ్డల యాకలిని కంటికి కట్టించినవాడు మాత్రము పోతనయే. మూలమున గృహిణి ఆకలికి కృశించినదనియు, కుటుంబము కష్టపడుచున్నదనియు మాత్రమే కలదు. తెలుగున శిశువులు ఆకుదొప్పలు చేతబట్టి తల్లిని సమీపించి పట్టెడు కూడు పెట్టుమని వేడుచున్నారు. ఆ మాట చెవి సోకినంతనే యామె భర్తకడకు పోవుచున్నది. దారిద్ర్యము వేదాంత విషయముగా గాక, ఖాళీ దొప్పగా మన యెదుట నిలిచినది. ఇంతటి యవసరముతో బయలుదేరిన తండ్రికి అడుగవలెనను కోరికయే లేదనుట సమంజసమా? అతనిని పోతన 'మానధనుడు' అనెను. మానమే ధనముగా గలవానికి చేయి చాచుట యెంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

కాన్క విషయమునను ఇరువురి నడకలు వేరు. మూలమున నామె పొరుగు బ్రాహ్మణుల నడిగి నాలుగు పిడికిళ్ల అటుకులు తెచ్చి గుడ్డపేలికలో కట్టి యిచ్చును. తెలుగున నా యాచన లేదు. భర్త శిథిలవస్త్రపు కొంగున కొన్ని అటుకులు ముడిచి పంపును. మిత్రుని మందిరమున ప్రవేశింపబోవు మనుజుని చినిగిన వస్త్రమును పోతన ఆ విధముగా ముందే మనకు చూపి పెట్టెను. సిగ్గునకు బీజ మిచటనే పడినది.

ఇక మార్గమధ్యమున కుచేలుని చింత. ఈ ఘట్టమునకు విమర్శకు లీయవలసినంత శ్రద్ధ ఈయలేదని నా యభిప్రాయము. కృష్ణదర్శనము నా కెట్లు లభించునోయని తలచుచు పోయెనని సంస్కృతమున నరశ్లోకము మాత్రమే కలదు. దానిని పోతన యొక సీసపద్యముగా పెంచెను. ఏమని పెంచెను? నగరమున నెట్లు ప్రవేశింతును? అంతఃపురమున నున్నవాని నెట్లు చూతును? ద్వారపాలకులు ఎక్కడి బ్రాహ్మణుడవు, ఏల వచ్చితివని యడ్డగింతురేమో? వారికేమైన పరిదాన మిచ్చి లోనికి పోదమన్న నా చేత ధనము లేదే! ఇది భక్తుని ఆవేదన కాదు. పెద్దల గడప త్రొక్కబోవు పేదవాని గుండెదడ. పరిదాన మనగా లంచమే. 'పరిదానము', 'అర్థశూన్యుడు' అను నీ రెండు భావములు ఒక్కచోట చేరుటయే యిందలి కీలకము. ధనము లేనందున సాయము కోరుటకు పోవుచున్నాడు. కాని సాయము కోరుటకును ముందు ధనము కావలసియున్నది. అప్పు పుట్టుటకు ఆస్తి చూపవలసిన లోకరీతి యిదియే. ఆర్థికచింతయు సభాకంపమును రెండు వేర్వేరు బాధలు కావనియు, మొదటిదే రెండవదానిని కనుననియు పోతన గ్రహించెను. రాజాశ్రయమునకు దూరముగ నుండెనని ప్రసిద్ధిగల కవికి ఈ ద్వారపాలకుల సంగతి యెట్లు తెలిసెనని చమత్కరింపవచ్చును గాని, పద్యమునుండి కవి చరిత్రను పిండుట నాకు సమ్మతము కాదు.

తీరా పోయిన పిమ్మట నెవ్వరు నడ్డగింపలేదు. భయపడినది జరుగలేదు. కాని భయము పోయెనా? శయ్యపై నున్న కృష్ణుడు దూరమునుండియే చూచి, దిగివచ్చి, కౌగిలించి, పాదములు కడిగి, పూజించెను. అంతఃపురకాంతలు ఈ బడుగు బ్రాహ్మణు డేమి పుణ్యము చేసెనోయని విస్మయపడిరి. సంకోచించువానికి ఇట్టి యాదరముకూడ నొక భారమే. పదుగురి చూపులు తన చినిగిన కొంగుపై పడుచుండగా అడుగదలచిన మాట యెట్లు పెగలును? ఈ దశలో కృష్ణుడు చేసిన పని చిన్నదిగా కన్పట్టును. కుచేలుని చేయి తన చేతితో పట్టుకొని, గురుకులమున మనము మెలగిన దినములు జ్ఞాపకమున్నవా యని కథ లెత్తుకొనెను. కుశలప్రశ్నల వెనువెంట సాందీపని యింటి ముచ్చటలు, కట్టెలకై యడవికి పోయిన నాటి గాలివాన, దారి తప్పిన రాత్రి, గురువు వెదకికొని వచ్చుట.

మూలమున ఈ సన్నివేశమునకును ఆ జ్ఞాపకమునకును ఒక పోలిక కలదు. అడవిలో దిక్కు తెలియని బాలురు ఒకరి చేతు లొకరు పట్టుకొని తిరుగాడిరి. అంతఃపురమున కూర్చున్న పెద్దలును ఒకరి చేతు లొకరు పట్టుకొనియే యాకథ చెప్పుకొనిరి. నాడు ఇరువురకును భయమే, నేడు ఒక్కనికే. నాటి పట్టునే నేడును పట్టి, దిక్కుతోచనివాడ వీ వొక్కడవే కావు, నేనును నీతో తడిసినవాడనే యని మిత్రుడు జ్ఞప్తి చేయుచున్నాడు. మౌఖికపరీక్షలో నోట మాట రాని విద్యార్థిని చూచి ముందుగా వాని యూరి సంగతి యడుగు పెద్దలను నే నెరుగుదును. పాఠమునకు సమాధానము ఆ పిమ్మట తానే వచ్చును.

ఇచట నొక విశేషము గమనింపదగినది. ఆ మందిరమున కుచేలుడు నోరు విప్పి పలికిన దొక్కమారే. అదియు గురుగృహవాసమునుగూర్చియే: నీతో కలిసి యచట వసించిన మాకు తీరని కోరిక యేమి యుండునని. జ్ఞాపక మతనికి మాట నిచ్చినది. కాని మరుక్షణమే, నాకేమి తెచ్చితివని ప్రశ్న కొంగుముడి మీదికి రాగా మరల మాట పోయినది, తల వంగినది. మూలము అతనిని 'వ్రీడితు'డనుచున్నది. ఏమియు నడుగక మరలునపు డిదే విశేషణమును మరల వాడినది. విరక్తునకు అటుకులైన నేమి, అపరంజియైన నేమి? అటుకులు చాలవని సిగ్గుపడువాడు కొలతల లోకమున నింకను నున్నవాడే. వైరాగ్యమును ఈ లజ్జయు ఒక్క మనసున నుండరాదని నియమమేమియు లేదు. ఉండుటచేతనే కుచేలుడు మనుష్యుడై మనకు దగ్గర యగుచున్నాడు. మిత్రుడు ఇక ప్రశ్నింపడు. ముడిని తానే విప్పి పిడికెడు నోట వేసికొనును. ఇచ్చుటకు వెఱచు చేతినుండి లాగికొనుట దయయొక్క యొక రూపము.

దీనికి ప్రక్కన నన్నయ ఆదిపర్వమునందలి ద్రోణద్రుపదుల కథ నుంచి చూడవలెను. సామ్యము లాశ్చర్యము గొల్పును. అచటను సహాధ్యాయులే. ఒకడు రాజై, ఒకడు పేదగా మిగిలినవారే. ఇచట పిల్లలు దొప్పలు పట్టినట్లే, అచట ధనికుల బాలురు పాలు త్రాగుట చూచి బాలుడగు అశ్వత్థామ తనకును పాలు కావలెనని యేడ్చును. బిడ్డ యాకలియే ఇరువురు తండ్రులను ప్రయాణము కట్టించినది. అయితే ద్రోణునకు సభాకంపము లేదు. ద్రుపదుని యెదుట నిలిచి నేను నీ బాల్యసఖుడనని తానే చెప్పెను. రాజునకును పేదకును సఖ్య మేమని, సమానులకే సఖ్యమని ద్రుపదుడు తిరస్కరించెను. ఫలితము ప్రసిద్ధము: అర్జునునిచే ద్రుపదుని పట్టి తెప్పించుట, అర్ధరాజ్యము గొనుట, ధృష్టద్యుమ్నుని జననము, తుదకు యుద్ధమున 15వ దినమున ద్రోణవధ.

తడబడక పలికినవానికి అవమానము, పలుకలేనివానికి ఆలింగనము! అడుగువాని నేర్పుతో నిమిత్తము లేదు. బాల్యమును ముందెవరు స్మరించిరి అనునదే భేదము. లేనివాడు స్మరించినచో నది హక్కుగా వినబడును, అప్పుపత్రము చూపినట్లుండును. కలవాడు స్మరించినచో నది యాహ్వానము. ద్రుపదునిదే తప్పని తీర్పు చెప్పుటకు ముందు, నిండుకొలువులో సమత్వము చాటి ద్రోణుడు మిత్రునికి దారి మూసెనేమో యనియు ఆలోచింపవలెను. అయినను ఆ మూసిన దారిని తెరచుట రాజునకు సాధ్యమే. తెరువలేదు.

కృష్ణుడు భగవంతుడు గదా, మిత్రుని మనసు తెలియుటలో వింత యేమి యని యాక్షేపింపవచ్చును. నిజమే. కథ యా సర్వజ్ఞత్వమును దాచుకొనలేదు. భార్య ప్రేరణచే వచ్చినాడని అతనికి తెలియును. కాని తెలిసినవాడు ఆ తెలివిని బయలుపరుపకుండుట గమనార్హము. నీ దారిద్ర్యము నే నెరుగుదునని ఒక్కమాటైన ననలేదు. రెండవ పిడికెడు ఎత్తబోవ రుక్మిణి చేయి పట్టినప్పుడును, ఇచ్చినదేమో, పుచ్చుకొన్నదేమో కుచేలునకు తెలియలేదు. మరునాడు వట్టిచేతులతో పంపెను. ధనము వచ్చిన తన్ను మరతునని కాబోలు ఈయలేదని కుచేలుడు త్రోవలో సమాధానపడెను. సంపద యతని యింటికి పోయినది, అతని చేతికి రాలేదు. అంతఃపురమున నంతమంది యెదుట నిచ్చియున్నచో, ఆ చినిగిన కొంగునే చాచి పట్టవలసి వచ్చెడిది.