వెయ్యి పెంచేముందు

ఏప్రిల్, మే నెలలొస్తే హైదరాబాద్ కాలనీల్లో గేటుగేటుకీ టు-లెట్ బోర్డులే. పిల్లల బడులు తెరిచేలోపు ఇళ్లు మారాలి కదా. అద్దె పెంచాలన్న ఆలోచనా ఓనర్లకు అప్పుడే వస్తుంది. 12 వేల అద్దె వచ్చే పోర్షన్‌కు వెయ్యి పెంచారనుకుందాం. పాతవాళ్లు వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే, 13 వేల చొప్పున 11 నెలలకు లక్షా 43 వేలు. పాత అద్దెకే ఏడాదంతా ఉండి ఉంటే లక్షా 44 వేలు. రంగులు, బ్రోకర్ కమీషన్ అదనం.

అందుకే మా పై పోర్షన్ విషయంలో నేను ముందు చూసుకునేది ఏడాదిలో ఎన్నాళ్లు ఖాళీగా ఉందన్నది. అలాగని పెంచొద్దనను. 11 నెలల అగ్రిమెంట్‌లోనే ఏటా ఐదు శాతమో పదో అని రాసుకుంటే ఎవరికీ గుండె గుభేలుమనదు.

పెంచిన డబ్బుకు తగ్గట్టు ఇంట్లో ఏదో ఒకటి మెరుగుపడాలి. కిటికీలకు దోమల జాలీ, వాషింగ్ మెషీన్‌కు కుళాయి, బాత్రూంలో గీజర్. అన్నిటికన్నా ముందు నీళ్లు. మంజీరా కుళాయి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఎండాకాలం బోరు ఎండిపోతుందా అని అడగనివాళ్లు లేరు.

విడి మీటరు సంగతి చాలామంది పట్టించుకోరు. ఓనర్ మీటరు కింద సబ్‌మీటరు పెడితే వాడకమంతా ఒకే బిల్లులో పడి స్లాబు పైకెక్కుతుంది. విడి కనెక్షన్ ఉంటే ఎవరి స్లాబు వారిది. పైగా తెలంగాణలో తెల్లరేషన్ కార్డున్న కుటుంబాలకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు కరెంటు ఉచితం, అద్దెకున్నవాళ్లకూ. ఆ భారం తగ్గిన కుటుంబం అద్దె కొంచెం ఎక్కువైనా నిలుస్తుంది.

మున్సిపల్ పన్ను కట్టింది పోగా మిగిలిన అద్దెలో 30 శాతాన్ని ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసేస్తారు, మరమ్మతులకు ఖర్చుపెట్టినా పెట్టకున్నా. అందులో కొంతైనా ఇంటికే పెట్టాలని నా పట్టుదల. వానలకు ముందే డాబా చెమ్మ సంగతి చూడాలి.

నన్ను నిజంగా బాధపెట్టేవి బోర్డుల మీది షరతులు. శాకాహారులకే, ఫ్యామిలీలకే, ఫలానా కులంవారికే. వేళకు అద్దె కట్టగల అమ్మాయిని ఒంటరిగా ఉంటుందని, మరొకరిని ముస్లిమని గేటు దగ్గర్నుంచే పంపేయడం అన్యాయం. ఆపైన ఖాళీ నెలల నష్టమూ ఓనరే మోయాలి.

ఇక అడ్వాన్సు. మా దగ్గర మామూలుగా రెండు నెలల అద్దె. రంగులకని అందులో ఎంత పట్టుకుంటామో అగ్రిమెంట్‌లోనే రాసి, తాళాలు ఇచ్చిన రోజే మిగతాది లెక్కపెట్టి ఇచ్చేయాలి. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లు సామాన్లు సర్దుకుంటున్న పాతవాళ్లను పక్కకు పిలిచి, ఓనర్‌గారు ఎలాంటివారని అడుగుతారు. ఇప్పుడు మా పై పోర్షన్‌లో ఉన్న కుటుంబం ఆ జవాబు విన్నాకే కిందికి దిగివచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టింది.