వాక్ స్వాతంత్ర్యమా? వాంగ్మూలమా?

వాక్ స్వాతంత్ర్యం అనే మాటను మా దగ్గర ఎవరు, ఎప్పుడు వాడుతున్నారో చూడండి. మా బస్తీ గురించో, నౌకరీ గురించో మేం నోరు విప్పినప్పుడు అది ఎవరికీ గుర్తుకు రాదు. రష్దీ మీద, తస్లీమా మీద మా అభిప్రాయం కావలసినప్పుడే వస్తుంది. శంషాబాద్‌లో గల్ఫ్ విమానం ఎక్కే మా పిల్లలు సంచీ విప్పి చూపించినట్టు మేం మనసు విప్పి చూపించాలి.

ఆ విమానాశ్రయానికి రాజీవ్ గాంధీ పేరుంది. 1988 అక్టోబరులో 'సటానిక్ వర్సెస్' దేశంలోకి రాకుండా ఆపిందీ ఆయన ప్రభుత్వమే. ఆపింది కోర్టు తీర్పు కాదు, కస్టమ్స్ ఉత్తర్వు. 2024 నవంబరు నాటికి ఆ కాగితాన్ని అధికారులు చూపించలేకపోయారు. అలాంటి ఉత్తర్వు లేదనే అనుకోవాలంది ఢిల్లీ హైకోర్టు. ముప్పై ఆరేళ్ళు మా పేరు చెప్పి నడిచిన నిషేధానికి చివరికి కాగితమే లేదు! మేం అడిగిన బడి రాలేదు, కొలువు రాలేదు. నిషేధం మాత్రం వచ్చింది.

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా పుస్తకానికి తెలుగు అనువాదం విడుదలవుతుంటే మజ్లిస్ శాసనసభ్యులు, కార్యకర్తలు ఆమె మీద దాడి చేశారు. అది తప్పు. దానికి ఏ 'మనోభావాలూ' సాకు కావు. కానీ కొట్టినవాళ్ళూ, ఆ తర్వాత మమ్మల్ని నిలదీసినవాళ్ళూ ఒక్క విషయంలో ఏకమయ్యారు: ముస్లిములందరికీ ఒకటే నోరని.

మరి షోయబుల్లా ఖాన్ ఎవరి నోరు? 'ఇమ్రోజ్' సంపాదకుడు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టులో కాచిగూడలో ఆయన్ని చంపారు, చేయి నరికారు. ఉర్దూని రజాకార్ల భాషగా చూసేవాళ్ళకు ఆయన గుర్తుకు రాడు. ఖౌమ్ పరువు కోసం నోర్మూసుకోమనే మా పెద్దలకూ గుర్తుకు రాడు. ఆయన్ని ఎవరూ రాయమని పిలవలేదు. ఎవరికీ రుజువు చూపించడానికి రాయలేదు. తనకు తోచింది రాశాడు. వాక్ స్వాతంత్ర్యం అంటే అదీ.

అడిగినప్పుడు, అడిగిన జవాబు మాత్రమే చెప్పాల్సి వస్తే అది వాంగ్మూలం. ఠాణాలో ఇచ్చేది. రాజ్యాంగం 19వ అధికరణం మాకిచ్చింది వాంగ్మూలం కాదు. మా ముల్లాని మేం ప్రశ్నిస్తాం, మీ మెప్పు కోసం కాదు. సర్కారునీ ప్రశ్నిస్తాం, దేశభక్తి పత్రం చేత పట్టుకోకుండానే. కొన్నిసార్లు ఊరుకుంటాం కూడా. ఆ మౌనాన్ని నేరంగా రాసుకోకండి.