తోడు వెళ్ళేవాడి చీటీ

ఈ వారం విశాఖలో కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర ఒక మందుల షాపులో బీపీ మాత్రలు కొంటుంటే గాజు బీరువా మీద అంటించిన కాగితం కనబడింది. చేత్తో రాసింది. గుండ్రటి అక్షరాలు, నీలం స్కెచ్ పెన్ను. మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు, అర్ధరాత్రయినా ఎత్తుతారు అని ఉంది. కౌంటరులో ఉన్న అమ్మాయిని అడిగితే తనే రాశానంది.

“చీటీ లేకుండా నిద్రమాత్రలు అడుగుతారండి చాలామంది. ఇవ్వకూడదు కదా, లేవంటాం. కొంతమంది వెంటనే వెళ్ళరు, అలా నిలబడిపోతారు. వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదండీ.”

ఆ రోజంతా నాకు సంతోషంగా ఉంది. ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి నా పట్టుదల తెలుసు. మందు అట్ట మీద తెలుగు ఉండాలి, డాక్టరు చీటీ తెలుగులో ఉండాలి, ఆసుపత్రిలో ఏ గది దేనికో తెలుగులో రాసి ఉండాలి. ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. 14416 అంటే కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టిన టెలీ మానస్. ఇరవై భాషల్లో పలుకుతుంది, అందులో మనదీ ఉంది. కానీ నేను చూసినంతవరకు ఆ నంబరు ఎక్కువగా ఆసుపత్రుల గోడల మీదే ఉంటుంది. అంటే ఆసుపత్రికి రాగలిగినవాళ్ళకే కనిపిస్తుంది. ఈ అమ్మాయి దాన్ని నిద్ర పట్టనివాళ్ళు వచ్చి నిలబడే చోట పెట్టింది.

2015-16లో నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు. అయినా ఆ లెక్క మనకీ పనికొస్తుంది. పెద్దవాళ్ళలో ఇరవైమందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌లో పడ్డవాళ్ళే. డిప్రెషన్, ఆందోళన లాంటి జబ్బులున్నవాళ్ళలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదు. గాజువాక నుంచి దువ్వాడ దాకా ప్రతి మందుల షాపులోనూ ఇలాంటి కాగితం ఉండాలని, దానికింద డిప్రెషన్ లక్షణాలు, మందుల వివరాలు తేలిక తెలుగులో ఉండాలని, ఈ వారం అదే రాద్దామని కూర్చున్నాను.

రాస్తుంటే మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉంటారు. డిప్లొమా చదివి విశాఖ స్టీల్ ప్లాంటులో చేరాడు, షిఫ్టుల్లో పనిచేస్తాడు. పేపరు రాగానే పెన్సిలు చెక్కుకుని పదవినోదం పూర్తిచేస్తే గాని టీ తాగని మనిషి. ఒక వానాకాలంలో ఆ గళ్ళు ఖాళీగా ఉండిపోవడం మొదలైంది. ముందు గడ్డం గీసుకోవడం మానేశాడు. తరవాత భోజనం ముందు కూర్చుని ముద్ద కలిపి వదిలేసేవాడు. ఆఫ్ ఉన్న రోజున కూడా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. అక్క ఫోన్ చేసి, “తమ్ముడూ, మీ బావ ఏటీ అనటం లేదురా. కోప్పడ్డం కూడా లేదు. నాకు అదే భయంగా ఉంది” అంది.

సెలవు పెట్టి వెళ్ళాను. నాకు చేతనైన పని సమాచారం పోగుచెయ్యడం. డిప్రెషన్ కొలవడానికి డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, చేసే పనుల మీద ఇష్టం ఉందా, చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని అడుగుతుంది. అది తీసుకెళ్ళాను. మందుల గురించి తెలుగులో రాసుకున్న కాగితాలు తీసుకెళ్ళాను.

బావ అన్నీ చదివాడు. నేను తెచ్చినవాటికంటే ఎక్కువ అప్పటికే ఫోన్‌లో చదివి ఉన్నాడు. చదివిన ప్రతిదాంట్లోంచీ తనకి నయం కాదనే మాటే ఏరుకున్నాడు. ఎక్కువమందికి తగ్గుతుంది అని ఉంటే, “తగ్గనోళ్ళు కూడా ఉంటారు కదా, నేను ఆ లెక్కలోకొస్తాను” అన్నాడు. మాత్రల వల్ల వచ్చే ఇబ్బందులన్నీ కంఠతా వచ్చు. తొమ్మిది ప్రశ్నలకీ మార్కులు వేసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినన్ని వచ్చినా, “ఇది జబ్బు కాదురా, నా చేతకానితనం. దానికి మార్కులేటి?” అన్నాడు. ఆ జబ్బు తీరే అంత. మనిషి చదువుతుంటే అదీ పక్కన కూర్చుని చదువుతుంది, తనకి కావలసిన ముక్కలు తీసుకుంటుంది. ఎంత మంచి తెలుగులో రాసినా అది మారదు.

పైగా భయాలు. ప్లాంటు ఆసుపత్రికి వెళ్తే డిపార్టుమెంటంతా తెలుస్తుందని భయం. వాల్తేరు మానసిక వైద్యశాలకి వెళ్తే ఊరంతా తెలుస్తుందని భయం. మన ప్రాంతంలో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే వాల్తేరు పంపించాలనడం చిన్నప్పటినుంచీ విన్నదే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, బీమా కంపెనీలు ఈ జబ్బుల్ని ఒంటి జబ్బులతో సమానంగా చూడాలి. అదీ చెప్పాను. తల ఊపి గోడకేసి తిరిగాడు.

ఒక సాయంత్రం ఆయన డిపార్టుమెంటులోనే పనిచేసే ఫిట్టరు వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. ఎందుకొచ్చాడో చెప్పలేదు. టీ తాగాడు. జేబులోంచి వాడేసిన మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

“నువ్వు భయపడతన్నది దీనికే కదా గురూ. రెండేళ్ళు మింగాను. మొదటి పదిహేను రోజులూ కడుపులో తిప్పినట్టుండేది, తర్వాత పోయింది. బాగయిపోయింది కదా అని నా అంతట నేనే ఆపేశాను, మళ్ళీ పడ్డాను. రెండోసారి డాక్టరు ఆపమన్నదాకా ఆపలేదు. అప్పుడు నాకు చెప్పినోళ్ళు లేరు. అందుకని వచ్చాను.”

బావ చాలాసేపు ఆ అట్ట కేసి చూశాడు. “నీకు నిద్ర ఎన్నాళ్ళకి పట్టింది?” అన్నాడు. వారాల తరవాత ఆయన ఒక మనిషిని అడిగిన ప్రశ్న అది. మర్నాడు ముగ్గురం వాల్తేరు వెళ్ళాం, బావ, అక్క, నేను.

కూర్మన్నపాలెం నగరానికి ఒక చివర, వాల్తేరు ఇంకో చివర. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల బ్రిటిషు కాలం నాటిది, ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధం. బావ ఊహించుకున్నదేదీ అక్కడ లేదు. ఓపీ వరసలో క్యారేజీలు పట్టుకున్న ఆడవాళ్ళు, పుస్తకం చదువుకుంటున్న కాలేజీ పిల్ల, శ్రీకాకుళం వైపు నుంచి రాత్రే బయల్దేరి వచ్చిన తండ్రీకొడుకులు. ఆ తండ్రి బావకి మందులిచ్చే కిటికీ ఎటో చూపించాడు. కొడుక్కి మునుపటికంటే ఎంత నయమో అడగకుండానే చెప్పాడు.

డాక్టరు అడిగిన వాటిలో సగం ప్రశ్నలకి జవాబు చెప్పింది అక్క. ఎప్పటినుంచి ఇలా ఉన్నాడు, బరువు తగ్గాడా, మందు తాగుతాడా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, వేరే మాత్రలేమైనా వాడుతున్నాడా. మునుపెప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట లేకుండా, అతి హుషారుగా, డబ్బు తెగ ఖర్చుపెట్టిన రోజులున్నాయా అని కూడా అడిగారు. అలాంటివాళ్ళకి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనసు రెండోవైపుకి ఎగదన్నే ప్రమాదం ఉంది, వాళ్ళకి వైద్యం వేరు. ఆ సంగతి రోగికి గుర్తుండకపోవచ్చు, ఇంట్లోవాళ్ళకి గుర్తుంటుంది. థైరాయిడ్ పరీక్ష రాశారు. అది తక్కువగా ఉన్నా మనిషి ఇలాగే నీరసపడిపోతాడు.

అందుకని, మందుల షాపు కాగితం చూసి నేను రాద్దామనుకున్నది ఇప్పుడు వేరే దారి పట్టింది. వివరాలన్నీ రాసిన కాగితం మంచం మీద ఉన్న మనిషికి ఇవ్వకండి. పక్కన ఉండేవాళ్ళకి ఇవ్వండి. మొదటి ఫోన్ కూడా వాళ్ళే చెయ్యొచ్చు. 14416కి ఇంట్లోవాళ్ళు చేసినా ఏం చెయ్యాలో చెబుతారు. ఆ అమ్మాయిని ఈ ముక్క కూడా చేర్చమని అడిగాను, చేర్చింది.

తోడు వెళ్ళేవాడి చీటీలో ఏముండాలో ఫిట్టరుగారినీ అక్కనీ అడిగి రాస్తున్నాను. డాక్టరుగారి గదిలోంచి బయటికి వచ్చేలోపు మాత్ర పేరు, పొద్దునా రాత్రా, ఒక పూట మర్చిపోతే ఏం చెయ్యాలి, మళ్ళీ ఏ తారీకున రావాలి, ఇవి రాసుకోవాలి. డిప్రెషన్ మాత్రలు నిద్రమాత్రలు కావు, వేసుకున్న రాత్రే తేడా తెలియదు. రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, కడుపులో తిప్పడం మాత్రం మొదటి రోజే రావచ్చు. మనిషి మానేసేది సరిగ్గా అప్పుడే. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, హఠాత్తుగా ఆపనివ్వరు. మొదటి వారాల్లో మరీ కనిపెట్టుకుని ఉండాలి. మందుల అట్టలు తోడున్నవాడి దగ్గరే ఉండాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, దారి లేకపోతే 108 పిలవాలి. లే, ధైర్యం తెచ్చుకో, నీకేం తక్కువ లాంటి మాటలు వద్దు. లేవలేకపోవడమే ఆ జబ్బు.

ఇదంతా డాక్టర్లు తప్ప ఎవరూ చెయ్యకూడదని అనుకునేవాళ్ళకి గోవా సంగతి చెప్పాలి. అక్కడ విక్రమ్ పటేల్ స్థాపకుల్లో ఒకరైన సంగత్ సంస్థ, మానసిక వైద్యం చదవని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళ దగ్గరికి పంపింది. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడి, మానేసిన పనుల్ని ఒక్కొక్కటే చిన్నచిన్నగా మళ్ళీ మొదలుపెట్టించడం వాళ్ళ పని. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరోగ్య కేంద్రంలో దొరికే వైద్యం మాత్రమే అందినవాళ్ళలో మూడు నెలలకి నూటికి 39 మంది తేరుకుంటే, ఈ తోడు కూడా దొరికినవాళ్ళలో 64 మంది తేరుకున్నారు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గర వైద్యం చేయించుకునే ఒక అమ్మాయి బస్సు చార్జీకి డబ్బుల్లేక ఆసుపత్రికి రాలేకపోయింది, ప్రాణం తీసుకుంది. ఆయన 2006లో హరారేలో ఆరోగ్య కేంద్రాల ఆవరణల్లో బెంచీలు వేయించి, వాటిమీద శిక్షణ ఇచ్చిన అమ్మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఫ్రెండ్‌షిప్ బెంచ్ అంటారు. ఆస్పత్రి ఊరికి ఇంకో చివర ఉన్న మనలాంటి చోట ఆ బెంచీ విలువ విడమరచి చెప్పక్కర్లేదు.

మన కూర్మన్నపాలెంలో బెంచీలూ ఉన్నాయి, కూర్చునే అలవాటూ ఉంది. ప్లాంటు ప్రైవేటు చెయ్యొద్దని 2021 ఫిబ్రవరిలో జంక్షన్‌లో శిబిరం వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టినవాళ్ళు వెయ్యి రోజులు దాటినా లేవలేదు. ఈ రోజు ఒక డిపార్టుమెంటు, రేపు ఇంకోటి. ఒక్కడే కూర్చుని ఉంటే వారానికే పడిపోయేవాడు. డిప్రెషన్‌కి తోడు కూడా వంతులవారీగానే కుదురుతుంది. ఇది వారాల్లో తేలే జబ్బు కాదు. ఒక్క మనిషే మోస్తే ఆ మనిషీ పడుతుంది.

అక్క విషయంలో దాదాపు అదే జరిగింది. బావ కాస్త తినడం మొదలుపెట్టేసరికి అక్కకి నిద్ర కరువైంది, రోజూ తలనొప్పి. కనిపెట్టింది ఫిట్టరుగారి భార్య. ఒకప్పుడు ఆవిడా భర్తకి ఇలాగే కాపలా కాసింది. పొద్దున్నే అక్కని రైతుబజారుకి తీసుకెళ్ళేది, ఆ గంటన్నర ఇంట్లో బావ దగ్గర ఫిట్టరుగారు ఉండేవారు. బావని నడకకి తీసుకెళ్ళడం కింది క్వార్టరు కుర్రాడి వంతు. కబుర్లు చెప్పాలన్న షరతు లేదు. సెక్టారు చివరిదాకా వెళ్ళి రావాలి, అంతే. ప్లాంటులో ఎన్ని యూనియన్లున్నాయో అందరికీ తెలుసు. ప్రతి యూనియన్ ఆఫీసులో ఫిట్టరుగారిలాంటి ఒక మనిషి పేరు తెలిసి ఉంటే చాలు. బోర్డు మీద రాయక్కర్లేదు.

ఇదంతా రాయమన్నది బావే. పేరు మాత్రం వద్దన్నాడు. పదవినోదం ఇప్పుడు మళ్ళీ చేస్తున్నాడు, పెన్ను పట్టుకుని. మాత్ర ఇంకా వేసుకుంటున్నాడు. వచ్చే నెల డోసు తగ్గించే సంగతి చూద్దామన్నారు డాక్టరుగారు. ఆ రోజు తోడు వెళ్ళే వంతు ఫిట్టరుగారిది.