పథ్యం క్యారేజీ

బాలింతకు ఏం వండిపెట్టాలో మన ఇళ్లలో అందరికీ తెలుసు. కడుపు పోయిన అమ్మాయికి ఏం పెట్టాలో మాత్రం ఎవరికీ పట్టదు. రక్తం ఆమెకూ పోతుంది, నడుము ఆమెకూ లాగేస్తుంది. నాలుగు నెలలు దాటాక పోతే రెండు మూడు రోజుల్లో పాలూ పడతాయి.

నాకు అయిదో నెలలో పోయింది. పాలు పడతాయని ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. తడిసిన రవికె చూసుకుని గుండెలవిసేలా ఏడ్చాను. మా అత్తయ్య మల్లెపూలు తెప్పించి, దండ కట్టి రొమ్ములకు చుట్టింది. "పచ్చి బాలింతవి, చన్నీళ్లు ముట్టుకోకు" అని కసిరింది. పాలు తగ్గడానికి మల్లెపూలు మందుబిళ్లల్లాగే పనిచేస్తున్నాయని 1988లో డాక్టర్లు ఒక వైద్యపత్రికలో రాశారు. అత్తయ్యకు ఆ సంగతి తెలియదు, వాళ్లమ్మ చేయగా చూసిందంతే. నాకు బిడ్డ పుట్టిందనీ, పోయిందనీ ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడే.

అప్పట్నుంచీ తెలిసినవాళ్లలో ఎవరికిలా జరిగినా క్యారేజీ పట్టుకుని వెళ్తాను. పాత బియ్యంతో మెత్తటి అన్నం, మొదటి ముద్దకు శొంఠిపొడి, నెయ్యి, పెసరకట్టు, తోటకూర. వెల్లుల్లి, మెంతులు మాత్రం తగ్గిస్తాను. పాలు బాగా పడాలని బాలింతకు పెట్టేవి అవి. భర్తకూ సరిపడా సర్దుతాను. అందరూ అతన్ని "ఆవిడెలా ఉంది?" అనే అడుగుతారు, నువ్వెలా ఉన్నావని అడిగేవాళ్లుండరు.

"చిన్నదానివే, మళ్లీ కడుపు పండుతుందిలే" అని మాత్రం అనను. పేరేమైనా అనుకున్నారా అని అడుగుతాను. కొందరు గంటసేపు చెబుతారు, కొందరు గోడకేసి తిరిగి పడుకుంటారు. రెండూ సరే. దాదాపు ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగేది ఒకటుంది: బిందె ఎత్తినందుకా, బొప్పాయి తిన్నందుకా? కాదు తల్లీ. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే. ఆ తర్వాత పోతే కారణాలు వేరే ఉండొచ్చు, పరీక్షలు చేయించుకోవాలి. ఒకసారి పోయినవాళ్లలో ఎక్కువమందికి తర్వాతి కాన్పు క్షేమంగానే జరుగుతుంది. ఈ మాట నిజమే అయినా, ఆమె అడిగినప్పుడే చెబుతాను. ముందే చెబితే పోయిన బిడ్డను మర్చిపొమ్మన్నట్టు ఉంటుంది.

ఉద్యోగం చేసే అమ్మాయికి ఇంకోటి కూడా చెబుతాను. గర్భస్రావమైతే ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఉండేది, 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్ని ఉంచింది. వారాలు గడిచినా తిండీ నిద్రా లేకపోతే, చచ్చిపోవాలనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంటికొచ్చాక కాలెండర్లో ఒక తేదీ రాసుకుంటాను. ఆమెకు నెలలు నిండాల్సిన రోజు. అప్పటికి చుట్టాలంతా మర్చిపోయి ఉంటారు, ఆమె మర్చిపోదు. మీకు తెలిసినవాళ్లలో అలాంటి అమ్మాయి ఉంటే ఆ తేదీ మీరూ రాసుకోండి, ఆ రోజు తప్పకుండా ఫోన్ చేయండి.