1331 పిన్నులు

మా మేనల్లుడి కంప్యూటర్‌లో ఉన్నది 2017 నాటి రైజెన్ 5 1600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఆ తర్వాత వాడు గ్రాఫిక్స్ కార్డు మార్చాడు, ఎస్‌ఎస్‌డీ పెట్టించాడు, ప్రాసెసర్ జోలికి మాత్రం వెళ్లలేదు. ఊరి బయట మైదానంలో ఆట హాయిగా సాగేది. జనం కిటకిటలాడే బజారులోకి అడుగుపెట్టగానే బొమ్మ తడబడేది. "కార్డు మళ్లీ మార్చాలేమో మామయ్యా" అన్నాడు.

డబ్బు పెట్టే ముందు చిన్న పరీక్ష చేశాం. రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి తగ్గించి, అదే బజారులో అదే సందు మొదట్లో నిలబడ్డాం. గీయాల్సిన చుక్కలు సగానికి పైగా తగ్గినా సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య కదల్లేదు. అంటే కార్డుకు చేతినిండా పని లేదు. ఎవరు ఎటు నడవాలో, ఏ బండి దేన్ని గుద్దిందో లెక్క తేల్చి కార్డుకు పని అప్పజెప్పేది ప్రాసెసర్. ఆ అప్పగింతలోనే ఆలస్యం జరుగుతోంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీ సెకన్లే. వందలో తొంభై తొమ్మిది ఫ్రేములు వేళకు వచ్చినా, వందోది నలభై మిల్లీ సెకన్లు తీసుకుంటే కంటికి తగిలేది ఆ వందోదే. సగటు చూసి ప్రాసెసర్ కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

కొత్త బోర్డు, కొత్త ర్యామ్, కొత్త ప్రాసెసర్ మూడూ కొంటే ఖర్చు మూడింతలు. ఆ అవసరం లేకపోవడానికి కారణం ఏఎం4 సాకెట్. 2017లో మొదటి రైజెన్లు కూర్చున్న ఈ సాకెట్‌లోనే, 2024 జనవరిలో వచ్చిన రైజెన్ 7 5700ఎక్స్3డీ కూడా కూర్చుంటుంది. లోపలి సిలికాన్ 14 నానోమీటర్ల తయారీ నుంచి 7 నానోమీటర్లకు మారింది, ఒకే ముక్కగా ఉన్నది రెండు ముక్కలైంది, అయినా అడుగున 1331 పిన్నులు ఉన్నచోటే ఉన్నాయి. ఏడేళ్లపాటు ఆ అమరిక మార్చకుండా నిలబెట్టిన ఇంజనీర్లంటే నాకు చాలా గౌరవం.

ఇక లోపలికి వెళ్దాం. పాత 1600ని రెండు వాటాల ఇల్లనుకోండి. వాటాకు మూడు కోర్లు, ప్రతి వాటాకూ సొంతంగా 8 మెగాబైట్ల ఎల్3 క్యాష్, అంటే కోర్ల పక్కనే ఉండే చిన్న మెమరీ. ఒక వాటాలోని కోరుకు కావలసిన సమాచారం పక్క వాటాలో ఉంటే, బయటి దారంట చుట్టూ తిరిగి వెళ్లి తెచ్చుకోవాలి. 2020 నవంబరులో వచ్చిన రైజెన్ల జెన్ 3 డిజైన్‌లో ఆ అడ్డుగోడ తీసేశారు. ఎనిమిది కోర్లు ఒకే ఇంట్లో చేరాయి, మధ్యలో అందరికీ కలిపి 32 మెగాబైట్ల క్యాష్. ఈ పనంతా జరిగే ముక్క సుమారు 80 చదరపు మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత.

మేం కొనాలని చూసిన రైజెన్ 5 5600 పుట్టింది ఈ ముక్కలోనుంచే. ఎనిమిదింటిలో రెండు కోర్లను నిద్రపుచ్చి ఆరింటితో అమ్ముతారు, క్యాష్‌ను మాత్రం ముట్టుకోరు. ఒకటో రెండో కోర్లు సరిగా పలకని ముక్కలు చెత్తబుట్టకు పోకుండా మనలాంటివాళ్ల అందుబాటులోకి రావడానికి ఈ ఏర్పాటే దారి. పొదుపులో ఇంత తెలివి ఉండటం నాకు ముచ్చటేస్తుంది. దీని పక్కనే 5500 అని ఇంకోటి ఉంటుంది. పేరులో తేడా వందే, కోర్లూ ఆరే. కానీ అది వేరే ముక్క, క్యాష్ 16 మెగాబైట్లే. ఆటల కోసమైతే ఆ తక్కువ ధరకు నేను ఆశపడను.

క్యాష్‌కు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఎల్3లో ఉన్న సమాచారం కోరుకు సుమారు 10 నానో సెకన్లలో అందుతుంది. అక్కడ లేక ర్యామ్ దాకా వెళ్తే దానికి ఆరేడు రెట్లు పడుతుంది. ఆ కాసేపు కోరుకు దాదాపు పని ఉండదు, గిగాహెర్ట్జ్‌లు ఎన్ని ఉన్నా అక్కరకు రావు. బజారులో వందమంది మనుషుల వివరాలు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి. మా వాడి ఆట అక్కడే ఎందుకు తడబడిందో ఇప్పుడు అర్థమవుతుంది.

5700ఎక్స్3డీలో ఈ ఆలోచనను ఇంకో మెట్టు ఎక్కించారు. స్థలం పక్కకు చాలదు గనక పైకి కట్టారు. కింది ముక్కలో క్యాష్ ఉన్నచోటికి సరిగ్గా పైన, 64 మెగాబైట్ల మరో క్యాష్ ముక్క. రెంటినీ కలపడానికి టంకం వాడరు. రెండు ముఖాల మీదా ఉన్న రాగి బిందువులు నేరుగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. కింది సిలికాన్‌ను అరగదీసి పలచన చేస్తారు, మొత్తం ఎత్తు పెరగకూడదు కదా. కోర్ల పైన ఖాళీగా మిగిలే చోట మామూలు సిలికాన్ పలకలు పెడతారు, వేడి వాటి గుండా పైకి ఎక్కుతుంది. మొత్తం 96 మెగాబైట్లు. ఇందుకు చెల్లించే మూల్యమూ ఉంది. వేడి, వోల్టేజి అదుపులో ఉంచడం కోసం వేగాన్ని 4.1 గిగాహెర్ట్జ్ దగ్గర ఆపేశారు, పెట్టెలో కూలర్ కూడా రాదు. విమానాల సిమ్యులేటర్లు, పెద్ద పెద్ద వ్యూహాల ఆటలు ఆడేవాళ్లకు అది సరైన ఎంపిక. మా వాడి కార్డుకు, వాడి దగ్గరున్న డబ్బుకు 5600 చాలు. దానికి కంపెనీ చెప్పే వేడి లెక్క 65 వాట్లే, పాత బోర్డు మీద భారం పడదు.

కొత్త ప్రాసెసర్ తెచ్చిన ఉత్సాహంలో నేను ఒక తప్పు చేశాను. ముందు బయోస్ మార్చాలి. బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండే ఆ ప్రోగ్రామ్‌కు తెలియని ప్రాసెసర్‌ను పెడితే తెర వెలగదు. పాత బోర్డులు చాలావాటిలో ఆ చిప్ 16 మెగాబైట్లే. అన్ని తరాల ప్రాసెసర్ల వివరాలూ అందులో పట్టక కంపెనీలు కొన్ని పాతవాటిని తీసేసి, మెనూల్లోని బొమ్మల్ని కూడా తగ్గించి చోటు చేశాయి. మా బోర్డులో ప్రాసెసర్ లేకుండా బయోస్ ఎక్కించే సదుపాయం లేదు. పాతది కూర్చుని ఉండగానే ఆ పని ముగించాలి. నేనేమో అంతకుముందే కూలర్‌ను నిలువునా లాగాను. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ పట్టుకుని ప్రాసెసర్ కూడా దానితోనే ఊడి వచ్చింది, మూల మీద మూడు పిన్నులు వంగాయి.

ఈ సాకెట్‌లో లివర్ ఎత్తినప్పుడు పైన ఉన్న ప్లాస్టిక్ పలక కొంచెం జరుగుతుంది, రంధ్రాలు వదులవుతాయి. మూల మీది బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపి వదిలితే ప్రాసెసర్ తన బరువుతోనే దిగుతుంది, వేలితో నొక్కాల్సిన పని లేదు. లివర్ దించినప్పుడు పలక వెనక్కి జరిగి, లోపలి రేకులు ఒక్కో పిన్ను పక్కను ఒత్తి పట్టుకుంటాయి. పట్టుకునేది ఆ ఒత్తిడి ఒక్కటే, పైన మూత అంటూ ఏమీ లేదు. అందుకే నిలువుగా గుంజితే లొంగిపోతుంది.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో రిపేరు చేసే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్లాను. చూడగానే, "గుంజిన్రు గదా అన్నా? పది నిమిషాలు ఆట ఆడి, వేడెక్కినంక బంద్ చేసి, అటిటు తిప్పి తియ్యాలె" అన్నాడు. కుర్రాళ్లు గీతలకు వాడే నొక్కుడు పెన్సిల్ ఒకటి తీశాడు, లోపల ములుకు లేదు. దాని లోహపు గొట్టాన్ని వంగిన పిన్నుకు తొడిగి, ఒక్కసారిగా నిలబెట్టకుండా కొంచెం ఎత్తి ఆగాడు. ప్రాసెసర్‌ను కంటి ఎత్తుకు తెచ్చి వరుస పొడుగునా చూశాడు. మళ్లీ కొంచెం. పిన్నుల మధ్య ఎడం మిల్లీమీటరే, తొందరపడితే మెడ దగ్గర విరుగుతుంది. మూడు పిన్నులకు పావుగంట పట్టింది. తర్వాత రెండో దిక్కు నుంచి కూడా వరుస చూసుకుని నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి పాతది మళ్లీ సాకెట్‌లో దిగింది, బయోస్ ఎక్కింది. కూలర్‌ను ఈసారి వేడి మీద మెల్లగా తిప్పి తీశాను. 5600 పెట్టాక తెర మొదట కాసేపు నల్లగానే ఉంది, ర్యామ్‌తో కొత్త ప్రాసెసర్ వేగం కుదుర్చుకునే సమయం అది. తర్వాత పేరు కనబడింది. మేనల్లుడు నేరుగా అదే బజారుకు, అదే సందు మొదట్లోకి వెళ్లి, జనంలోకి పరుగెత్తి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ పరుగెత్తాడు.

పాత 1600 ఇప్పుడు కొత్తది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో, నా టేబుల్ మీద ఉంది. దాన్ని దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకుని ఆ మూల వరుసలు చూస్తుంటాను. వంగినవి ఏ మూడో ఇప్పుడు నేను కూడా పోల్చుకోలేను.